‘అలాగే’ అని రాస్తే పోలిక అయిపోదు

పరీక్షల్లో వచ్చే పద్యాల ప్రశ్నల గురించి ఏమైనా అడగమని పోయిన సంచికలో రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే గోడు: “పద్యం అర్థమైంది టీచర్, మార్కులే రాలేదు.” ముప్పై ఏళ్లకు పైగా ఆ మార్కులు వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి తప్పించుకునే వీల్లేదు. కొన్నింటికి తీరిగ్గా, కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెబుతాను.

*

“టీచర్ గారూ, నేను పదో తరగతి. కోపం మీద ఒక వేమన పద్యం, ఒక సుమతీ శతక పద్యం ఇచ్చి పోల్చి రాయమన్నారు. మొదటి పేజీ నిండా వేమన పద్యం భావం, రెండో పేజీ నిండా సుమతి పద్యం భావం రాశాను. చివర ‘ఈ విధంగా కవులిద్దరూ కోపం మంచిది కాదని చెప్పారు’ అని ముగించాను. ఒక్క అక్షరం తప్పు లేదు. పదికి ఐదే వచ్చాయి. పక్కన ‘పోలిక ఏదీ?’ అని రాశారు. నాలుగు చోట్ల ‘అలాగే’ అని రాశాను కదా!”

నువ్వు రాసింది పోలిక కాదమ్మా, రెండు భావాలు. పక్కపక్క ఇళ్లలో ఉన్నంత మాత్రాన ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు కాదు. నీ జవాబులో రెండో పేజీ చింపేసినా మొదటి పేజీకి ఏ లోటూ రాదు చూడు, అదే తేడా. నిజంగా పోల్చి రాస్తే ఒక పద్యం తీసేయగానే జవాబు కుంటుపడుతుంది.

ఆ రెండు పద్యాలనే ఇక్కడ పెట్టుకుందాం. వేమనది:

కోపమునను ఘనత కొంచెమై పోవును
కోపమునను మిగుల గోడు గలుగు
కోపమడచెనేని కోర్కెలీడేరును
విశ్వదాభిరామ వినుర వేమ

సుమతీ శతకంలోది:

తన కోపమె తన శత్రువు
తన శాంతమె తనకు రక్ష దయ చుట్టంబౌ
తన సంతోషమె స్వర్గము
తన దుఃఖమె నరకమండ్రు తథ్యము సుమతీ

భావం సంగతి కాసేపు మర్చిపో. పెన్సిల్ తీసుకుని, మాటిమాటికీ వస్తున్న మాట కింద గీత గీయి. వేమన పద్యంలో మూడు పాదాలు ‘కోప’తో మొదలయ్యాయి. రెండో దాంట్లో కోపం ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారి. మరి మాటిమాటికీ వస్తున్నదేమిటి? ‘తన’. ‘తనకు’తో కలిపి ఆరుసార్లు. నాలుగు పాదాలూ దాంతోనే మొదలవుతున్నాయి. అంటే ప్రశ్నపత్రంలో ‘కోపం మీద రెండు పద్యాలు’ అని ఉన్నా, నిజానికి ఒకటే కోపం మీద పద్యం. ఇంకోటి ‘తన’ మీద పద్యం, కోపం అందులో ఐదింటిలో ఒకటి. ఈ ఒక్క సంగతి కనిపెట్టి రాసి ఉంటే చాలు, దిద్దేవాళ్లు ఎర్ర పెన్ను పక్కన పెట్టి వెనక్కి వెళ్లి మొదటి నుంచి చదివేవాళ్లు.

ఇప్పుడు పాదాల చివర్లు చూడు. వేమన దగ్గర పోవును, కలుగు, ఈడేరును. మూడూ క్రియలే. కోపం వస్తే ఏదో జరుగుతుంది, ఏదో పోతుంది, అణిస్తే ఏదో చేతికొస్తుంది. లెక్క చెబుతున్నాడాయన. ‘అడచెనేని’ అన్నాడు, అంటే ‘అణిచావా, అప్పుడు...’ అని. ఒక రకంగా బేరం. సుమతి పద్యంలో చాలా చోట్ల క్రియే లేదు: తన కోపమె తన శత్రువు. రెండు నామవాచకాలు పక్కపక్కన పెట్టి మధ్యలో ఏమీ లేకుండా వదిలేశాడు. కోపం వల్ల శత్రువులు పుడతారు అనలేదు, కోపమే శత్రువు అన్నాడు. జరగడానికి టైమ్ కూడా ఇవ్వలేదు. పైగా ‘కోపమె, శాంతమె, సంతోషమె, దుఃఖమె’ అని నాలుగు చోట్ల ‘మె’ అని నొక్కాడు. ఆ చిన్న ఒత్తు తీసేసి ఒకసారి చదువు, పద్యం చప్పబడిపోతుంది.

ఇక ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడాలి. వేమన ‘వినుర వేమ’ అని తన పేరే పిలుస్తున్నాడు, మనం పక్కన నిలబడి విన్నట్టు ఉంటుంది. రెండో ఆయన ‘సుమతీ’ అని ఎదుటివాణ్ణి పిలిచాడు, అందులోనూ మంచి బుద్ధి గలవాడా అని. అంతేకాదు, ‘అండ్రు’ అన్నాడు. అంటే ‘అంటారు’. పెద్దలను సాక్షులుగా తెచ్చుకుని, ఆ మీద ‘తథ్యము’ అని ముద్ర వేశాడు. వేమనకు సాక్షులు లేరు, వెతుక్కోనూ లేదు.

ఇదంతా పెన్సిల్‌తో పది నిమిషాల పని. ఇక జవాబు ఇలా మొదలుపెట్టొచ్చు: “రెండు పద్యాలూ కోపం వద్దనేవే. అయితే వేమన పట్టుకున్నది కోపాన్ని. మూడు పాదాలు ఆ మాటతోనే మొదలవుతాయి. శతకకారుడు పట్టుకున్నది ‘తన’ అనే మాటను. అందుకే వేమన పద్యం కోపం వల్ల ఏం పోతుందో చెబితే, సుమతి పద్యం ఆ కోపం ఎవరిదో గుర్తు చేస్తుంది.” ఐదు వాక్యాల్లో రెండు పద్యాలూ ఎన్నిసార్లు ఎదురెదురుగా నిలబడ్డాయో లెక్కపెట్టు. ఆ తర్వాత ఒక్కో పేరాకు ఒక్కో సంగతి తీసుకో: క్రియల గురించి ఒకటి, పిలుపు గురించి ఒకటి. ప్రతి పేరాలోనూ రెండు పద్యాలూ ఉండాలి. ‘అలాగే’ అనే మాట ఒక్కసారి కూడా రాకుండా రాయడానికి ప్రయత్నించు. దాని బదులు ‘అయితే’, ‘కానీ’, ‘ఇక్కడ మాత్రం’ వస్తున్నాయంటే దారిలో పడ్డట్టే.

*

“గణ విభజన చేసి, యతి ప్రాసలు చూపిస్తే పోలిక ప్రశ్నకు ఎక్కువ మార్కులు వేస్తారా మేడమ్? నాకు ఛందస్సు బాగా వచ్చు.”

బాగా వచ్చంటే సంతోషం. కానీ అడగని చోట గురులఘువులు (పొడుగు, పొట్టి అక్షరాలు) గుర్తించి పేజీ నింపితే ఎవరూ మార్కులు వేయరు. ‘ఇది కందం, అది ఆటవెలది’ అని రాసి ఊరుకోవడం ఇద్దరి ఎత్తులు చెప్పి ఇద్దరినీ పోల్చాననడం లాంటిది. ఛందస్సు ఏం పని చేస్తోందో చెప్పగలిగితేనే దాన్ని తీసుకురా.

పై రెండు పద్యాలతోనే చూపిస్తాను. వేమనది ఆటవెలది, సుమతిది కందం. గణాలంటే గురులఘువుల చిన్న గుంపులు. ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు ఐదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు. అంటే వేమన మూడు పాదాలనూ ‘కోప’తోనే మొదలుపెట్టాలని ఛందస్సేమీ బలవంతం చేయలేదు. అది పూర్తిగా ఆయన ఇష్టం. కందంలో అలా కాదు, ప్రాస తప్పనిసరి. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి. ఇక్కడ ఆ హల్లు ‘న’. ‘తన, తన, తన, తన’ అనగానే నియమం తీరిపోయింది. అయితే ‘న’ రెండో అక్షరంగా ఉన్న మాటలు తెలుగులో బోలెడున్నాయి. మనసు, ధనము, వినుము... ఏదైనా పెట్టొచ్చు. పెట్టలేదు. తప్పనిసరిగా చేయాల్సిన పనినే తను చెప్పదలుచుకున్నదానికి వాడుకున్నాడు. ఛందస్సు వచ్చినవాళ్లు రాయాల్సింది ఇది.

ఇంకోటి. ‘ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు / చూడచూడ రుచుల జాడ వేరు’ అని మనందరికీ నోటికొచ్చిన పద్యం ఉంది కదా. యతి అంటే పాదం మొదటి అక్షరానికి, మధ్యలో నియమించిన చోట ఉన్న అక్షరానికి పొత్తు కుదరడం. రెండో పాదంలో ‘చూ’కి ‘జా’ యతి కుదరదు, అచ్చులు కలవవు. అందుకని ‘చూడ - జాడ’ అని, వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసేలా ప్రాసయతి వేశాడు. ఇంతవరకు ఛందస్సు పుస్తకంలో దొరుకుతుంది. ఇప్పుడు చెవి పెట్టి విను. చూడ, జాడ. వినడానికి ఒకేలా ఉంటాయి, అర్థాలు వేరు. ఉప్పు, కప్పురం. ‘ప్పు’ రెండింట్లోనూ ఉంది, వస్తువులు వేరు. పోలికలు ఒకటై రుచులు వేరైన వాటి గురించి చెప్పే పద్యంలో మాటలు కూడా అలాగే ఉన్నాయి! వేమన కావాలని చేశాడా అంటే నాకేం తెలుసు. పద్యంలో ఉంది, అది చాలు. ఇది క్లాసులో ఎన్నో ఏళ్లు చెప్పాక, ఒక రోజు బోర్డు మీద రాస్తుంటే తట్టింది నాకు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలు బెల్ అయిందేమో అనుకున్నారు.

*

“పరీక్ష టెన్షన్‌లో అలంకారం పేరు గుర్తు రాకపోతే ఏం చేయాలి?”

పేరు వదిలేసి పని చెప్పు. ‘కోపం శత్రువు లాంటిది అనకుండా కోపమే శత్రువు అని రెండింటినీ ఒకటి చేసేశాడు’ అని రాస్తే రూపకం అనే మాట లేకపోయినా నీకు తెలిసిందని తెలుస్తుంది. ‘ఇందులో రూపకాలంకారం కలదు’ అని మాత్రమే రాస్తే పేరు తెలిసిందని తెలుస్తుంది, అంతే. పేరు గుర్తుండి, అది నూటికి నూరుపాళ్లు సరైనదైతేనే రాయి. ‘లాంటిది’ అని పోల్చే ఉపమకు రూపకమని రాసి చక్కటి పేరాను పాడు చేసుకున్న పేపర్లు నేను చాలా చూశాను.

*

“మా అబ్బాయికి పాఠ్యపుస్తకంలో పద్యాలన్నీ భావాలతో సహా కంఠస్థం. కానీ ఎప్పుడూ చూడని కవితలు రెండు ఇచ్చి పోల్చమంటే చేతులెత్తేస్తాడు. ‘అమ్మా, ఇది చెప్పలేదు’ అంటాడు. ఇంట్లో ఎలా నేర్పాలి? నేను తెలుగు పెద్దగా చదువుకోలేదండీ.”

మీకు తెలుగు చదువు అక్కర్లేదమ్మా, ఓపిక కావాలి. కంఠస్థం తప్పు కాదు గానీ, భావం కంఠస్థం చేయించడంలోనే తిరకాసుంది. భావం అంటే ఎవరో చదివి చెప్పిన మాట. అది నోటికొచ్చినవాడికి తనంతట తాను చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అందుకే కొత్త కవిత చూడగానే ‘దీని భావం నాకెవరూ ఇవ్వలేదే’ అని భయం.

ఏ పుస్తకంలోనూ లేని కవితలు కావాలి కదా, అందుకని రెండు నేనే రాశాను. కవిత్వం బాగాలేదని దయచేసి ఉత్తరాలు రాయకండి, పాఠం కోసం రాసినవి. మొదటిది:

నాన్న లేచి వెళ్లాడు
కుర్చీ ఇంకా
ఆయన కూర్చున్నట్టే కుంగి ఉంది
ఎవరూ కూర్చోవద్దని
ఎవరూ చెప్పలేదు
ఎవరూ కూర్చోలేదు

రెండోది:

కుర్చీలో బట్టలు పడేశాం
బట్టల మీద పుస్తకాలు
పుస్తకాల మీద దుమ్ము
ఇల్లు సర్దుతూ అన్నీ తీస్తే
అడుగున
నాన్న కళ్లజోడు

మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, భావం అడగకండి. ‘దీనర్థం ఏంట్రా?’ అన్నారంటే వాడు మళ్లీ బిగుసుకుపోతాడు. రెండుసార్లు పైకి చదివించి, జవాబు కవితలోనే దొరికే ప్రశ్నలు మాత్రమే అడగండి. మొదటి కవితలో కుర్చీ ఎలా ఉంది? ఖాళీగా. రెండో దాంట్లో? నిండిపోయి. మొదటి దాంట్లో ‘ఎవరూ’ ఎన్నిసార్లు? మూడు. రెండో దాంట్లో ఇంట్లోవాళ్లు చేసిన పనులేమిటి? పడేశారు, సర్దారు, తీశారు. మొదటి దాంట్లో ఇంట్లోవాళ్లు ఏం చేశారు? ఏమీ చేయలేదు. ఇక్కడ కాసేపు ఆగండి. వాడే అంటాడు, “అదేంటమ్మా, మొదటి దాంట్లో ఎవరూ ఏమీ చేయలేదు, రెండో దాంట్లో ఏవేవో చేస్తూనే ఉన్నారు” అని. పోలిక మొదలైపోయింది. వాడికి తెలియకుండానే.

ఆ తర్వాత కాస్త కష్టమైనది. రెండో కవితలో మొదటి మూడు పాదాలు మళ్లీ చదివించండి. బట్టలు, బట్టల మీద పుస్తకాలు, పుస్తకాల మీద దుమ్ము. ముందు పాదంలో వదిలిన మాటను తర్వాతి పాదం అందుకుంటోంది. దీన్ని ముక్తపదగ్రస్తం అంటారు. పేరు వాడికి గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మాటలు కూడా పేరుకుపోయాయా లేదా? కాగితం మీద పైనుంచి కిందికి చదువుతుంటే మనం ఆ కుప్పను తవ్వుకుంటూ వెళ్లినట్టే ఉంటుంది. ‘అడుగున’ అనే మాట ఒక్కటే ఒక పాదంలో ఉంది, అదీ దాదాపు అడుగునే. మొదటి కవితలో పేర్చడం లేదు, ఉన్నచోటే ఉండిపోవడం ఉంది. ‘ఎవరూ’ దగ్గర మొదలై మళ్లీ ‘ఎవరూ’ దగ్గరికే వస్తుంది.

నాన్న పోయాడా, ఊరెళ్లాడా? రెండు కవితల్లోనూ చెప్పలేదు. పిల్లలు ‘మరణించిన తండ్రి’ అని ఖాయం చేసి రాసేస్తారు. అలా రాయొద్దు. మొదటి దాంట్లో ‘వెళ్లాడు’ అని మాత్రమే ఉంది, తిరిగి వచ్చిన ఆనవాలు మాత్రం లేదు అని రాయమనండి. కవిత చెప్పనిది మనం చెప్పేయకుండా, చెప్పలేదన్న సంగతినే పట్టుకుంటే అది మంచి పరిశీలన అవుతుంది. నా ఉద్దేశంలో రెండో కవితలోని ఇల్లే ఎక్కువ బాధపెడుతుంది, మర్చిపోయినట్టు ఉండి మర్చిపోలేదు కాబట్టి. మీ అబ్బాయి ‘లేదు, మొదటిదే’ అంటే వాదించనివ్వండి. వాదించేటప్పుడు మాత్రం కవితలో వేలు పెట్టి చూపించాలి.

రోజూ అక్కర్లేదు. వారానికి రెండు చిన్న కవితలు, పావుగంట.

*

“కవి పరిచయం ఎంత రాయాలి? నేను అర పేజీ రాస్తాను.”

అడిగితే రాయి, అడగకపోతే పోలికకు పనికొచ్చే ఒక్క వాక్యం చాలు. ఉదాహరణకు, వేమన పద్యాలు జనం నోళ్లలో, తాళపత్రాల్లో తిరిగి తిరిగి, 1829లో బ్రౌన్ అచ్చు వేయించాక పుస్తకరూపంలో అందరికీ దొరికాయి. అందుకే పైన ఇచ్చిన కోపం పద్యం మీ ఇంట్లో పుస్తకంలో ఒకటి రెండు మాటలు అటూ ఇటూగా ఉండొచ్చు. ఇది జవాబుకు పనికొస్తుంది: నోటికి తేలిగ్గా పట్టే మాటల తీరు ఎందుకు ఉందో చెప్పొచ్చు. బిరుదులు, తల్లిదండ్రుల పేర్లు దేనికి? ఒక విషయం గుర్తుంచుకో, ప్రశ్నపత్రంలో ఏ పద్యం ఇచ్చారో అదే చూసి రాయాలి, నీకు నోటికొచ్చిన పాఠం కాదు.

*

“ఒకటి కంద పద్యం, ఇంకొకటి గేయం ఇస్తే ఎలా పోల్చాలి? రెండింటికీ పొంతనే లేదు కదా!”

పొంతన లేకపోవడమే నీకు లాభం, తేడాలు వెతుక్కోనక్కర్లేదు. ‘దేశమును ప్రేమించుమన్నా / మంచి అన్నది పెంచుమన్నా’ అని గురజాడ 1910లో రాసిన గేయం తీసుకో. ‘అన్నా’ అని పిలుస్తాడు, కొంచెం ముందుకెళ్లి ‘వట్టి మాటలు కట్టిపెట్టోయ్’ అని ‘ఓయ్’ అంటాడు. భుజం మీద చెయ్యేసి మాట్లాడినట్టుంటుంది. ‘సుమతీ’ అనే పిలుపు పక్కన ‘ఓయ్’ పెట్టి చూడు. ఒకరు అరుగు మీద కూర్చుని చెబుతున్నారు, ఒకరు పక్కన నడుస్తూ చెబుతున్నారు. ఆ పిలుపు దగ్గరే మొదలుపెట్టి, నడక దగ్గరికి వెళ్లు. గేయం మాత్రల నడక మీద సాగుతుంది, పైకి చదివితే కాళ్లు కదులుతాయి. కందం చివరి గురువు దగ్గర ఆగి నిలబడుతుంది.

*

“టైమ్ సరిపోవడం లేదు మాస్టారమ్మా. మొదటి పద్యానికే అయిపోతోంది.”

దీనికి నా కథే చెబుతాను. చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో రెండు పద్యాలు పోల్చమన్నారు. మొదటిది నాకు ప్రాణం. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు, సందర్భం, అన్నీ దంచేశాను. తల ఎత్తేసరికి కాగితాలు లాక్కుంటున్నారు. చివరి నిమిషంలో గిలికిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది: ‘రెండవ పద్యము కూడా ఇట్టిదే.’ పేపర్ తిరిగి వచ్చినప్పుడు దాని కింద దిద్దినవారు రాసింది కూడా గుర్తుంది: ‘మార్కులు కూడా ఇట్టివే.’

అరగంట ఉందనుకో. మొదటి ఏడెనిమిది నిమిషాలు జవాబు కాగితం ముట్టుకోవద్దు, ప్రశ్నపత్రం మీదే పెన్సిల్‌తో గీతలు గీసుకో. పక్కవాళ్లు ఎడిషనల్ షీట్ అడుగుతుంటారు, కంగారు పడకు. మూడు సంగతులు దొరికితే చాలు, మూడు పేరాలు. భావం రెండేసి వాక్యాలకు మించకూడదు. దిద్దేవాళ్లకు పద్యం భావం తెలుసు, నీకు తెలుసా అన్నదొక్కటే వాళ్ల సందేహం, అది రెండు వాక్యాల్లో తీరిపోతుంది. మూడో పేరా మధ్యలో గంట కొట్టినా నష్టం తక్కువే, అప్పటికే రెండు పద్యాలూ జవాబులో ఉన్నాయి కాబట్టి.

*

“కవితో నేను ఏకీభవించకపోతే అలా రాయొచ్చా? మార్కులు తగ్గిస్తారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు.”

రాయొచ్చు. ‘నాకు నచ్చలేదు’ అని కాదు, ఏ మాట దగ్గర నీకు అడ్డం తగిలిందో చూపించి రాయాలి. తగ్గిస్తారా అంటే, నేను ఒకసారి తగ్గించాను. ఆ సంగతి చెబుతాను.

చాలా ఏళ్ల కిందట, ఇదే ‘తన కోపమె’ పద్యానికి ఒక అబ్బాయి జవాబు రాశాడు. అందులో ఒక చోట ఇలా ఉంది: ‘దయ చుట్టం అన్నారు. చుట్టం అంటే రెండు రోజులుండి వెళ్లిపోయేవాడు. దయ కూడా అలాగే వచ్చి పోవాలా? ఈ మాట కవి సరిగ్గా ఎంచుకోలేదు.’ నాకు చిర్రెత్తుకొచ్చింది. చుట్టమంటే ఇక్కడ ఆత్మబంధువు, ఆపదలో ఆదుకునేవాడు. తెలియకపోగా కవికే తప్పు పడతాడా అని ఎర్రగీత గీసి, రెండు మార్కులు తీసేశాను.

తర్వాత చాలా రోజులకు అదే పద్యం పాఠం చెబుతుంటే, వాడి ప్రశ్న మధ్యలో అడ్డం పడింది. దయ చుట్టంబౌ. అప్పుడు చూశాను. తన కోపమె, తన శాంతమె, తన సంతోషమె, తన దుఃఖమె... దయకు మాత్రం ‘తన’ లేదు. ‘మె’ కూడా లేదు. మిగతా నాలుగూ ‘తన’వి, దయ ఒక్కటే విడిగా, బయటి నుంచి వచ్చినదానిలా ఉంది. చోటు చాలక వదిలేశాడా, కావాలనే వదిలేశాడా, అది వేరే సంగతి. చుట్టం అనే మాట ఆ ఖాళీలో అతికినట్టు సరిపోయింది. వాడు చెప్పిన అర్థం తప్పే కావచ్చు గానీ, పద్యం మొత్తంలో తేడాగా ఉన్న ఒకే ఒక్క చోట ఆగింది మాత్రం క్లాసులో వాడొక్కడే. ఏళ్ల తరబడి చెప్పిన నేను ఆగలేదు.

అప్పటికి వాడు స్కూలు వదిలి వెళ్లిపోయాడు. ఆ రెండు మార్కులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.